పదకొండు రాపులు

1961 జనవరి 18, బుధవారం

జయకుమారి టీచరుగారు ఇచ్చిన నోటుపుస్తకం ఇవాళ మొదలుపెడుతున్నాను. రోజూ ఒక వస్తువు గురించి, దాన్ని చూడనివాళ్ళకి కూడా కనపడేట్టు రాయమన్నారు. ఎవరికీ చూపించక్కర్లేదన్నారు. చూపించను.

ఇవాళ్టి వస్తువు గాలి తుపాకి. పొద్దున బుడగల కొట్టు యలమందయ్య నాలుగింటిని గోనెసంచిలో చుట్టి తెచ్చి మా పంచలో దించాడు. కోటప్పకొండ తిరునాళ్ళకి ఇంకా ఇరవై ఆరు రోజులుంది.

"జాన్ బాషా, పోయినేడు గుండు బుడగ దాకా పోలేదయ్యా. బుడగలు నన్ను చూసి నవ్వినై," అన్నాడు.

"ఈసారి ఏడుస్తాయిలే," అన్నాడు నాన్న.

గాలి తుపాకిలో మందు ఉండదు. గొట్టంలో నా ముంజేతంత స్ప్రింగు ఉంటుంది. తుపాకిని నడుం దగ్గర మడిస్తే ఆ స్ప్రింగు వెనక్కి నొక్కుకుపోతుంది. ఒక ఇనుప కొక్కెం దాన్ని పట్టి ఆపుతుంది. మడత తెరిచి ఉండగానే సీసం గుండుని బొటనవేలితో నొక్కి పెట్టాలి. మూసి ట్రిగ్గర్ నొక్కితే కొక్కెం వదులుతుంది, స్ప్రింగు పిస్టన్‌ని తోస్తుంది, పిస్టన్ గాలిని తోస్తుంది, గాలి గుండుని తోస్తుంది. సంతరోజు బస్సు ఎక్కినట్టే, అంతా వెనకవాళ్ళు తోసే తోపు.

నాన్న బాగుచేస్తాడు. నేను సాయం చేస్తాను.

పై వాక్యం అలవాటుగా రాశాను. ఎవరూ చూడని పుస్తకంలో కూడా అదే వచ్చింది. నాన్నకి రెండేళ్ళుగా కళ్ళు కనపడవు. వెలుగూ నీడా తెలుస్తాయి, అంతే. ఊళ్ళో ఎవరికీ తెలియదు. పని నేను తడిక వెనక కూర్చుని చేస్తాను. మనుషులు వచ్చినప్పుడు నాన్న పంచలో కూర్చుని ఒక ఖాళీ గొట్టం మీద సుత్తితో టకటకా కొడుతుంటాడు. కళ్ళు లేనివాడికి తుపాకి ఎవరిస్తారంటుంది అమ్మ. పదహారేళ్ళ పిల్లకి అసలే ఇవ్వరు.

జనవరి 20, శుక్రవారం

కొత్త మాట: బిగువు.

మొదటి తుపాకి విప్పాను. ముందు చెక్క, తర్వాత ట్రిగ్గర్ పెట్టె, తర్వాత వెనక మూత. ఆ మూత దగ్గరే ప్రాణం ఉంటుంది. దాని వెనక స్ప్రింగు నొక్కుకుని కూర్చుని ఉంటుంది. మర చివరి చుట్టు ఊడేటప్పుడు ఆదమరిస్తే మూతతో సహా వచ్చి ముఖం మీద పడుతుంది. నాన్న పై పన్ను ఒకటి అలాగే పోయింది. అందుకని బల్లకి ఉన్న వైసు దవడల్లో బిగించి, చెక్క దిమ్మతో అదిమి, చుట్టు చుట్టుకీ ఆగుతాను.

తీసినవన్నీ తెల్లగుడ్డ మీద ఎడమ నుంచి కుడికి వరసగా పెట్టాలి. "బిగించేటప్పుడు వెనకనుంచి చదువుకుంటూ రా," అంటాడు నాన్న. చదవడం రాని మనిషి ఆ మాట అనడం నాకు ఎప్పుడూ ఇష్టంగా ఉంటుంది.

జనవరి 22, ఆదివారం

మూడు మామూలు తుపాకులూ అయిపోయాయి. పిస్టన్ తలకి కొత్త తోలు వాషర్లు వేశాను. జిన్నింగు మిల్లులో పత్తి ఒలిచే రోలరుకి వాడి తీసేసిన తోలు అది. నాన్న మిల్లులో ఫిట్టరుగా ఉన్నప్పటి నుంచీ అదే వాడతాడు.

బిగించాక నాన్న చెవి పెట్టి వింటాడు. తుపాకి మడిచినప్పుడు కొక్కెం పడే చప్పుడు. మా తాత దూదేకేవాడు. విల్లు నారి మోగే తీరునిబట్టి దూదిలో తడి ఉందో లేదో చెప్పేవాడట. ఆ చెవి నాన్నకి వచ్చింది. మూడింటికీ "బాగుంది" అన్నాడు. నాన్న బాగుందన్నాకే ఏదైనా ఇల్లు దాటుతుంది. మా కొట్టుకి ఉన్న కన్ను అదొక్కటే.

జనవరి 25, బుధవారం

నాలుగోది, జర్మనీ తుపాకి, విప్పాను. నాన్న కంటే వయసులో పెద్దది. లోపల ఒకటి కాదు, మూడు కొక్కేలు, ఒకదాని తోక ఇంకొకదాని నోట్లో. రెండు పిల్ల స్ప్రింగులు. అందులో వడ్లగింజంతది ఎగిరిపోయింది. గంట వెతికితే అమ్మ బియ్యం చేటలో దొరికింది. "ఇంకాసేపుంటే మీ నాన్నకి వడ్డించేదాన్ని," అంది అమ్మ.

దీని ట్రిగ్గర్ బరువుగా ఉందని, పిల్లలు కూడా నొక్కేట్టు తేలిక చెయ్యమని యలమందయ్య చెప్పి వెళ్ళాడు. పెద్ద కొక్కెం అంచుని ఆకురాయితో రాస్తే తేలికవుతుంది. నాన్న లెక్క మూడు రాపులు. తర్వాత బిగించి విని, చాలకపోతే మళ్ళీ విప్పి ఒక్క రాపు.

మూడు రాసి బిగించి చూస్తే తేలిక కాలేదు. విప్పాను. ఒక్కో రాపుకీ మళ్ళీ బిగించి విప్పాలంటే గంట. బడికి వేళవుతోంది. ఇంకొంచెం రాశాను.

జనవరి 26, గురువారం

బళ్ళో జెండా ఎగరేశారు. నేను పద్యం చదివాను. అందరూ బాగా చదివానన్నారు.

నిన్న ఇంకొంచెం అని రాశాను. ఆరు రాపులు.

జనవరి 27, శుక్రవారం

జర్మనీ తుపాకి బిగించాను. మడిస్తే చప్పుడు పలచగా వచ్చింది, గాజుగ్లాసుకి గోరు తగిలినట్టు. నాన్న అప్పుడు పంచలో ఎవరితోనో మాట్లాడుతున్నాడు.

మళ్ళీ విప్పి కొక్కెం మీద గ్రీజు దట్టంగా పెట్టాను. ఇనుము కదా, తుప్పు పట్టకుండా.

సాయంత్రం నాన్న చెవి పెట్టాడు. "మెత్తగా పలికింది," అన్నాడు.

"కొత్త గ్రీజు నాన్నా."

చెవి తియ్యకుండానే అన్నాడు, "ఊఁ. బాగుంది."

నలభై సార్లు మడిచి పేల్చాను. ఒక్కసారి కూడా జారలేదు. ట్రిగ్గర్ నెమలీకలా ఉంది.

జనవరి 29, ఆదివారం

యలమందయ్య, ఆయన భార్య పున్నమ్మ వచ్చి తుపాకులు తీసుకెళ్ళారు. నాన్న గొట్టం మీద సుత్తి ఆపి లేచాడు. యలమందయ్య పంచలోంచే దూలానికి గురిపెట్టి జర్మనీ తుపాకి పేల్చి చూశాడు.

"అబ్బో, ఇది ట్రిగ్గరా, వెన్నా," అన్నాడు. "నీ చేతిలో ఏదో ఉంది సాయిబూ."

నాన్న నవ్వాడు. నేను తడిక వెనక నవ్వాను.

పున్నమ్మ మంచినీళ్ళకి లోపలికొచ్చింది. కొట్లో గుండ్లు పెట్టేది ఆవిడే. కుడి బొటనవేలు సీసంతో నల్లగా నిగనిగలాడుతోంది. "ఎన్ని పెడతారు అత్తా రోజుకి?" అని అడిగాను.

"ఎవరు లెక్కపెట్టారే. వెయ్యి పెడతానేమో. అన్నం కలిపితే మా ఆయన, నీ వేలి నలుపు ఊడి కూరలో పడుద్దంటాడు." నీళ్ళు తాగి వేలు వైపు చూసుకుంది. "ఇది లేకపోతే ఆయన కొట్టు లేదు. ఆ సంగతి ఆయనకి తెలవదు."

ఫిబ్రవరి 2, గురువారం

ఎవరో కత్తెర తెచ్చారు. నేను సాన పడుతుంటే నాన్న దాని సంగతి చెబుతూ, "కత్తెరకి ఒళ్ళంతా ఉక్కే. తుపాకి కొక్కెం అట్టా కాదు. దానికి గట్టిదనం పైతోలు వరకే, వెంట్రుక మందం. ఆ తోలు లేచిపోతే లోపలంతా బెల్లం. ఒకరోజు ఆగుద్ది, రెండ్రోజులు ఆగుద్ది, అరిగి జారుద్ది," అన్నాడు.

మూడు రాపులు అని నేర్చుకున్నాను. మూడే ఎందుకని ఎప్పుడూ అడగలేదు.

ఫిబ్రవరి 3, శుక్రవారం

ఎనిమిదే అయ్యుంటాయి. ఏమీ కాదు.

ఫిబ్రవరి 5, ఆదివారం

మూలన పడి ఉన్న పాత తుపాకి తీశాను. దాని కొక్కేన్ని కూడా అన్నిసార్లే రాసి బిగించాను. గుండు పెట్టే చోట, బొటనవేలు ఉండాల్సిన చోట, జొన్నదంటు ముక్క పెట్టాను. ట్రిగ్గర్ ముట్టుకోకుండా మడవడం, వదలడం. అమ్మ అడిగితే చెయ్యి తిరగాలని చేస్తున్నానన్నాను.

నూట తొంభై రెండో మడతకి జారింది. తుపాకి దానంతటదే చప్పున మూసుకుంది. దంటు రెండు ముక్కలైంది. ఒక ముక్క ఎక్కడ పడిందో కనపడలేదు.

రోజుకి వెయ్యి గుండ్లు. నాలుగు తుపాకులు. ఒక్కోదానికి రెండువందల యాభై.

తిరునాళ్ళ ముందురోజే కొట్టు తెరుస్తారు.

ఫిబ్రవరి 7, మంగళవారం

కార్డు రాద్దామని కూర్చున్నాను. "గౌరవనీయులైన యలమందయ్యగారికి" దగ్గర ఆగిపోయింది. తుపాకి తిరిగి తెమ్మంటే ఎందుకంటాడు. కొక్కెం ఎక్కువ అరగదీశారంటే, ఎవరు, నీ చేతిలో ఏదో ఉందన్నానే, చూసుకోలేదా అంటాడు. ఆ ప్రశ్నకి జవాబు ఒక్కటే ఉంది. అది బయటికొచ్చిన రోజు మా పంచలోకి ఎవరూ రారు.

నాకు మాటలు చాలా వచ్చనుకున్నాను. కార్డు చింపేశాను.

ఫిబ్రవరి 9, గురువారం

ఇవాళ చెబుదామనుకున్నాను. మిల్లు మేనేజరు వచ్చి కాపలావాడి తుపాకి ఇచ్చి వెళ్ళాడు. "యలమందయ్య ఊరంతా చెబుతున్నాడయ్యా నీ పని," అన్నాడు. ఆయన వెళ్ళాక కూడా నాన్న ఖాళీ గొట్టం మీద సుత్తితో తాళం వేస్తూనే ఉన్నాడు.

అన్నం దగ్గర చెబుదామనుకున్నాను. చెప్పలేదు.

ఫిబ్రవరి 10, శుక్రవారం

లేదు.

ఫిబ్రవరి 12, ఆదివారం

చెప్పాను. నాన్న వాకిట్లో కాళ్ళు కడుక్కుంటుంటే చెంబుతో నీళ్ళు పోస్తూ చెప్పాను.

"ఎన్ని రాపులు?" అన్నాడు.

"పదకొండు."

ఆ అంకె నోటితో అనడం అదే మొదటిసారి. ఇక్కడ కూడా ఎక్కడా రాయలేదు.

తడికాళ్ళతో అలాగే నిలబడ్డాడు. నాకు తిట్టు పడితే బాగుండుననిపించింది. తిట్టకుండా అన్నాడు, "ఆ రోజు చప్పుడు మెత్తగా వచ్చింది. గ్రీజు వెనక ఏదో ఉందని తెలిసింది. అడిగితే నువ్వు చెబుతావు. చెబితే తుపాకి ఆపాలి. అందుకని అడగలేదు."

అమ్మ గుమ్మంలో నిలబడి అంతా విన్నది. "వెళ్ళి ఏమని చెబుతారు? ఇన్నాళ్ళూ కట్టుకొచ్చిన గోడ మీరే పడగొట్టుకుంటారా?" అంది.

"అది పున్నమ్మ వేలు, అమీర్‌బీ," అన్నాడు నాన్న అమ్మతో.

రేపు పొద్దున మొదటి బస్సు. కొట్టు ఇవాళే తెరిచి ఉంటారు.

ఫిబ్రవరి 14, మంగళవారం

నిన్నటిది ఉన్నదున్నట్టు రాయాలి.

బస్సు కొండ దాకా పోలేదు. రెండు మైళ్ళు నడిచాం. నాన్న నా భుజం పట్టుకోలేదు. పక్కపక్కన నడుస్తున్నట్టు మోచెయ్యి తగిలించి నడిచాడు. బుడగల కొట్టు దూరం నుంచే కనపడింది. తుపాకి చప్పుళ్ళు వినపడుతున్నాయి. ఇంకా ఏమీ కాలేదనుకున్నాను.

పున్నమ్మ కుడి బొటనవేలికి పసుపు గుడ్డ చుట్టి ఉంది, వంకాయంత. ఎడమచేత్తో గుండ్లు పెడుతోంది.

"రా సాయిబూ, చూడు నా పెళ్ళాం తెలివి," అన్నాడు యలమందయ్య. "పదేళ్ళ నించీ పెడతంది. నిన్న ట్రిగ్గర్ మీద చెయ్యేసుకుని గుండు పెట్టింది. గోరుతో సహా చివర లేచిపోయింది."

"నేను చెయ్యెయ్యలేదయ్యా," అంది పున్నమ్మ. ఆ మాట ముందురోజు నుంచీ అంటున్నట్టుంది.

"మరి దానంతటదే మూసుకుందా? దెయ్యం పట్టిందా తుపాకికి?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేను కూడా అక్కడే ఉన్నాను. ఒక్క క్షణం, ఒక్కటే, నాకు మనసు తేలికపడింది. ఎవరికీ తెలియలేదు, ఇక తెలియదు అనుకున్నాను. అది కూడా రాయాలి.

ఎవరో జర్మనీ తుపాకి పేల్చి బల్ల మీద పెట్టారు. పున్నమ్మ దాన్ని మోకాలికి ఆనించి మడిచింది. బుగ్గలో దాచుకున్న గుండొకటి తీసి ఎడమ బొటనవేలికి అంటించుకుంది.

"వేలు పెట్టకండి అత్తా," అన్నాను. "మీరు చెయ్యెయ్యలేదు. దాని కొక్కెం జారుతుంది. ఎక్కువ రాసింది నేను."

యలమందయ్య ముందు నవ్వాడు. తర్వాత ముఖం మారింది. నా వైపు కాదు, నాన్న వైపు చూశాడు. "ఏం జాన్ బాషా, పని చెడితే ఆడపిల్లని ముందుకు తోస్తున్నావా? దాన్నయితే ఎవరూ ఏమనరనా?"

నాన్న ముఖం కందిపోయింది. నోరు తెరవబోయాడు. "విప్పి చూపిస్తాను," అన్నాను నేను.

తుపాకి మూసి, బిగువు పోయేట్టు నేలకేసి పేల్చాను. అక్కడ వైసు లేదు. నాన్న బల్ల మీదికి వంగి, మేం సంచిలో తెచ్చుకున్న చెక్క దిమ్మని వెనక మూతకి ఆనించి, రొమ్ముతో అదిమిపట్టాడు. నేను మర తిప్పాను. నా చెయ్యి జారితే స్ప్రింగు ఆయన గుండె మీదికే వస్తుంది. చుట్టు చుట్టుకీ ఆగాను. ఊడింది. నాన్న మెల్లగా వెనక్కి జరిగాడు, స్ప్రింగు ఆయనతోపాటు నిదానంగా సాగింది. నా ఓణీ కొంగు పరిచి తీసినవి తీసినట్టు వరసగా పెట్టాను. బుడగలు కాల్చడానికి వచ్చినవాళ్ళంతా మెడలు చాచి చూస్తున్నారు. పెద్ద కొక్కెం వచ్చాక గ్రీజు తుడిచి పున్నమ్మ అరచేతిలో పెట్టాను.

అంచు గుండ్రంగా అరిగి అద్దంలా మెరుస్తోంది. పున్నమ్మ దాని మీద గోరు పెట్టి లాగింది. గోరు ఎక్కడా ఆగలేదు.

"నువ్వు చూడకుండానే ఇచ్చావా సాయిబూ?" అన్నాడు యలమందయ్య.

"చూడలేదు," అన్నాడు నాన్న. "నాకు కనపడదు. రెండేళ్ళయింది."

యలమందయ్య ఆయన ముఖం ముందు చెయ్యి ఊపాడు. నాన్న కళ్ళు కదలలేదు.

"మరి ఈ రెండేళ్ళూ?"

"మా అమ్మాయే. విని బాగుందన్నది మాత్రం నేనే. తప్పులో సగం నాది."

పున్నమ్మ మా ఇద్దరినీ చూడలేదు. మొగుడి వైపు తిరిగింది. "విన్నావుగా. నేను చెయ్యెయ్యలేదు," అంది. అప్పుడు ఏడ్చింది. వేలు తెగినప్పుడు ఏడవలేదట.

యలమందయ్య వెనక్కి తిరిగి కొట్టు గుడ్డలు ఊడదీయడం మొదలుపెట్టాడు. తిరునాళ్ళరోజు, జనం నిండుగా ఉండగా. "మిగతా మూడూ దీని చేతివేగా," అన్నాడు. మేం వెనక్కి నడుస్తుంటే నాన్న నా భుజం పట్టుకున్నాడు.

ఫిబ్రవరి 17, శుక్రవారం

మిల్లువాళ్ళు కాపలా తుపాకి పట్టుకెళ్ళారు. కత్తెర ఇచ్చినాయన తన కత్తెర పట్టుకెళ్ళాడు. ఒకాయన నాన్నని చూడ్డానికే వచ్చి వెళ్ళాడు.

నాన్న ఖాళీ గొట్టాన్ని అటక మీద పెట్టించాడు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది.

ఫిబ్రవరి 21, మంగళవారం

మిల్లులో విరిగిన జిన్నింగు యంత్రపు కత్తి ముక్క ఒకటి నాన్న దగ్గరుంది. మంచి ఉక్కు. అందులోంచి కొత్త కొక్కెం కోస్తున్నాను. తుపాకి మన దగ్గర లేదు కదా, ఎవరి కోసం అంది అమ్మ. తెలియదన్నాను. పాతదాని కొలత నాకు బాగా గుర్తుంది.

తడిక తీసేశాం. పంచలో కూర్చుని రాస్తున్నాను, ఆకురాయితో.

ఫిబ్రవరి 26, ఆదివారం

మధ్యాహ్నం పున్నమ్మ ఒక్కతే వచ్చింది, గోనెసంచి భుజాన వేసుకుని. నాన్న లేచి నిలబడ్డాడు. ఆవిడ ఎవరూ కూర్చోమనకుండానే నా ఎదురుగా కూర్చుంది.

"మా ఆయన వీటిని గుంటూరు తీసుకెళ్తానన్నాడు. అక్కడ ఎవరు ఎన్ని రాపులు రాస్తారో నాకేం తెలుసు," అంది. "గుండు పెట్టేది నేను. ఇక్కడే, నా కళ్ళ ముందు చెయ్యి."

చేశాను. కొత్త కొక్కెం వేశాను. గ్రీజు ముట్టలేదు, ఒక్క చుక్క నూనె. ప్రతిదీ పేరు చెప్పి ఆవిడ చేతికిచ్చి, ఆవిడ తిరిగి ఇచ్చాక బిగించాను. ఇదెందుకు, అదెందుకు అని అడిగింది. నేను నాన్నని అడగనివన్నీ అడిగింది. తెలియనివి నాన్న చెప్పాడు.

మడిచాను. టక్. నాన్న తల వంచి విన్నాడు. బాగుందనలేదు. "నువ్వు చెప్పు," అన్నాడు.

"బాగుంది."

"బాగుంటే వేలు పెట్టు," అంది పున్నమ్మ.

తుపాకి ఆవిడ ఒళ్ళో ఉంది, మడిచి, స్ప్రింగు నిండా బిగువుతో. నేను నా కుడి బొటనవేలు గుండు పెట్టే చోట పెట్టాను. రాసేది ఈ చేత్తోనే. అమ్మ గుమ్మంలో చేటతో నిలబడిపోయింది.

పున్నమ్మ తొందరపడలేదు. తుపాకిని మోకాళ్ళ మధ్య ఇరికించుకుని, జుట్టు విప్పి మళ్ళీ ముడి వేసుకోవడం మొదలుపెట్టింది. గుడ్డ కట్టిన వేలితో ముడి పడటం లేదు. ఊడిపోయింది. మళ్ళీ మొదలుపెట్టింది. వీధిలో పత్తి బోరాల లారీ పోయింది, పంచ అదిరింది, ఒళ్ళో తుపాకి అదిరింది. నేను వేలు తియ్యలేదు. నాన్న ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. కనపడని మనిషి.

మూడోసారికి ముడి పడింది.

"తియ్యి," అంది. తీశాను. వేలి మీద గొట్టం నోరు గుండ్రంగా అచ్చు పడి ఉంది. అంత గట్టిగా ఎప్పుడు నొక్కానో తెలియదు.

పున్నమ్మ ఆ అచ్చు చూసింది. సంచిలోంచి రెండో తుపాకి తీసి నా ముందు పెట్టింది.